ఆరోగ్య సర్వే మనమే చేస్తే... మంచిచెడ్డలు చూసేదెవరు?

ఆరోగ్య పరిశోధన అనగానే తెల్లకోటు వేసుకున్న డాక్టర్లు, గాజు గొట్టాలు, విదేశీ విశ్వవిద్యాలయాలు మన కళ్ల ముందు కదులుతాయి. నిజానికి మన గోదావరి జిల్లాల్లో ఇరవై ఏళ్లకు పైగా జరుగుతూ వచ్చిన పెద్ద పరిశోధనల్లో ఇల్లిల్లూ తిరిగినవాళ్లు, అరుగుల మీద కూర్చుని ప్రశ్నలు అడిగినవాళ్లు, జబ్బకు బీపీ పట్టీ చుట్టినవాళ్లు మన ఊళ్లవాళ్లే. ఆశా కార్యకర్తలు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు గడప తొక్కకపోతే ఆ పరిశోధనలే లేవు. తమ జబ్బుల లెక్క తామే రాసిపెట్టిన ఆడవాళ్లు కూడా మన తెలుగునాట ఉన్నారు. ఇలా సామాన్యులే పరిశోధకులు కావడం మంచి పరిణామమని అందరూ అంటున్నారు. మేమూ అంటున్నాం.

అయితే ఒక చిక్కు ఉంది. బయటి నుంచి డాక్టరుగారు వచ్చి మనల్ని ప్రశ్నలడిగితే ఆయన్ని కట్టడి చేయడానికి నియమాలున్నాయి, ఎథిక్స్ కమిటీలున్నాయి. మనమే మన పక్కింటివాళ్లను, మన తమ్ముళ్లను, చెల్లెళ్లను అడిగితే మంచిచెడ్డలు చూసేదెవరు? "మనవాళ్లం కదా, మనం మోసం చేస్తామా" అన్న ధీమా తప్ప మన దగ్గర ఏమీ ఉండదు. ఆ ధీమా చాలదని చెప్పడానికే ఈ వ్యాసం. మన హాస్టల్లోనూ పూర్వ విద్యార్థులు ఒక ఆరోగ్య సర్వే తలపెట్టారు కాబట్టి ఇది ఊరికే పుస్తకాల సంగతి కాదు.

మన జిల్లాల్లో జరిగిన పని

పల్లెల్లో మనిషి పోతే ఎందుకు పోయాడో రాసి ఇచ్చే డాక్టరు చాలాసార్లు ఉండడు. "గుండె ఆగిపోయిందండి" అంటారు. ఎవరికైనా చివరికి ఆగేది గుండే కదా! అందుకని శాస్త్రవేత్తలు ఒక పద్ధతి కనిపెట్టారు. చనిపోయినవారి ఇంటికి శిక్షణ పొందిన మనిషి వెళ్లి, ఆఖరి రోజుల్లో ఏం జరిగింది, ఛాతీలో నొప్పి వచ్చిందా, కాలూచెయ్యీ పడిపోయిందా, జ్వరం ఎన్నాళ్లు ఉంది అని వరసగా అడిగి రాసుకుంటారు. ఆ కాగితాన్ని డాక్టర్లు చదివి కారణం నిర్ణయిస్తారు. దీన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. శవాన్ని ముట్టుకోకుండా మాటలతో చేసే శవపరీక్ష అనుకోవచ్చు.

2003–04 ప్రాంతంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామాల్లో ఈ పని జరిగింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అన్న పేరుతో ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, మన దగ్గర గ్రామాల్లో పనిచేస్తున్న బైర్రాజు ఫౌండేషన్ వగైరా సంస్థలు కలిసి చేశాయి. ఆ గ్రామాల జనాభా 1,80,162. పన్నెండు నెలల్లో 1,354 మరణాలు నమోదయ్యాయి. వాటిలో 98 శాతం ఇళ్లలో వివరాలు రాబట్టగలిగారు. ఇంటింటికీ వెళ్లి అడిగింది గ్రామాల్లోని ఆరోగ్య కార్యకర్తలు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ వ్యవస్థ జబ్బులతో పోయినవారు 32 శాతం. ప్రమాదాలు, గాయాల వంటి కారణాలతో 13 శాతం. అంటువ్యాధులతో 12 శాతం. పల్లెవాడు అంటురోగాలతో పోతాడు, పట్నంవాడు గుండెపోటుతో పోతాడు అని అప్పటిదాకా చెప్పుకున్న మాట మన డెల్టా వరకు చెల్లలేదు.

అంకెలు గొప్పవే. మా దృష్టి మాత్రం ఆ 98 శాతం మీద నిలిచింది. చావు జరిగిన ఇంట్లో నూటికి తొంభై ఎనిమిది ఇళ్లవాళ్లు కూర్చుని మాట్లాడారంటే, అడిగింది తెలిసిన మనిషి కావడం కూడా అందుకు ఒక కారణమై ఉంటుందని మా ఊహ. తెలిసిన మనిషికే ఇక్కడ ఇబ్బంది కూడా ఉంది. ఎప్పుడు వెళ్లాలి? పెద్దకర్మ కాకముందే పుస్తకం పట్టుకుని వెళితే బాగుంటుందా? మరీ ఆలస్యం చేస్తే వివరాలు మర్చిపోతారు. ఒక ఇంట్లో కోడలు పురుగుమందు తాగి పోయిందని వీధంతా తెలుసు, ఇంట్లోవాళ్లు మాత్రం "కడుపునొప్పమ్మా" అంటారనుకోండి. బయటి మనిషి అయితే చెప్పింది రాసుకుని పోతాడు. మన ఊరి కార్యకర్తకు నిజం తెలుసు. ఏది రాయాలి? వీధిలో విన్నది రాస్తే ఆ ఇంటి నమ్మకం పోతుంది. వాళ్లు చెప్పిందే రాస్తే లెక్క తప్పుతుంది. ఆ ఇంట్లో పోలీసు కేసు భయం ఉండవచ్చు, మిగిలిన ఆడపిల్ల పెళ్లి సంగతి ఉండవచ్చు. ఇలాంటి చోట ఒక పెద్దమనిషిని, తెలిసిన వారిని "ఏం చేయమంటారండి" అని అడిగే వీలు ఉండాలి. ఈ వ్యాసంలో నైతిక సహాయం అని మేము అంటున్నది దీన్నే. నిబంధనల పుస్తకం ఒక్కటే సరిపోదు. దాన్ని మన ఇంటి అరుగు దాకా తెచ్చి వివరించే మనిషి కావాలి.

తర్వాత పశ్చిమ గోదావరిలోనే స్మార్ట్‌హెల్త్ అనే పరిశోధన జరిగింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు, నలభై ఏళ్లు దాటిన 62,254 మంది. ఆశా కార్యకర్త చేతికి ఒక ట్యాబ్ ఇచ్చారు. ఆమె ఇంటికి వెళ్లి బీపీ చూసి, వివరాలు ఎక్కిస్తే, ఈ మనిషికి గుండెపోటు ముప్పు ఎంత ఉందో ఆ ట్యాబే లెక్కగట్టేది. ముప్పు ఉన్నవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు దగ్గరకు పంపాలి. 2019లో ఫలితాలు ప్రకటించారు. బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అనుకున్న ఫలితం రాలేదని దాచిపెట్టకుండా ప్రకటించడం కూడా నీతిలో భాగమే, అందుకే ఇక్కడ చెప్పాం.

ఈ కథలో ఆశా కార్యకర్త స్థానం ఆలోచించండి. ఆమె ముసలమ్మకు పట్టీ చుట్టి, "మామ్మా, నీకు బీపీ ఎక్కువుంది, ఆసుపత్రికి వెళ్లాలి" అంటుంది. "వెళతాలేవే అమ్మడూ" అంటుంది మామ్మ. బస్సు చార్జీకి డబ్బులు లేవు, తీసుకెళ్లే మనిషి లేడు, వెళితే అక్కడ మాత్రలు ఉంటాయో లేదో తెలియదు. పరిశోధన చేసే సంస్థకు ఇది ఒక అంకె. ఆశా కార్యకర్తకు మాత్రం ప్రతి రోజూ నీళ్ల కుళాయి దగ్గర కనపడే మనిషి. పరిశోధన ముగిసినా ఆమె ఆ ఊళ్లోనే ఉంటుంది, మామ్మా అక్కడే ఉంటుంది. "అప్పుడేదో ముప్పు ఉందన్నావు, ఏం చేశావే" అన్న ప్రశ్నకు జవాబు ఆమే చెప్పుకోవాలి. ఏదైనా కొలిస్తే ఆ తర్వాత ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలన్నది ఇక్కడి నుంచి మేము గ్రహించిన విషయం.

మేము ఏడో తరగతిలో ఉండగా ఎవరో వచ్చి వరసలో నిలబెట్టి ఎత్తు, బరువు చూసి, వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లారు. అరటిపండు ఒకటి ఇచ్చారు. ఎందుకో చెప్పలేదు, ఫలితం ఏమిటో ఈనాటికీ తెలియదు. మేమూ అడగలేదు. అడగవచ్చని కూడా అప్పుడు తెలియదు.

సంతకం ఎవరిది?

హాస్టల్ పిల్లలు తప్పకుండా తెలుసుకోవలసిన సంఘటన ఒకటి ఉంది. ఇది మన పైన, గోదావరికి ఎగువన, భద్రాచలం ప్రాంతంలో జరిగింది. అప్పట్లో అది మన ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లా. 2009 జులైలో పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (మనం ఐసీఎంఆర్ అంటాం), రాష్ట్ర ప్రభుత్వం కలిసి పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఖమ్మం జిల్లాలో మూడు మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. గుజరాత్‌లోని వడోదరలో మరో పదివేల మందికి వేశారు. ఖమ్మంలో టీకా వేయించుకున్నవారిలో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు.

2010 మార్చిలో 'సమ' అనే ఢిల్లీ మహిళా ఆరోగ్య సంస్థ బృందం భద్రాచలం వెళ్లి బాలికలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఏం టీకా వేశారో, ఎందుకు వేశారో చాలామందికి తెలియదని బయటపెట్టింది. ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. తర్వాత కేంద్రం విచారణ వేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నివేదికలో ఉన్న ఒక లెక్క చదవండి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు.

అమ్మానాన్నల సంతకం ఉండవలసిన చోట వార్డెన్ సంతకం! కన్నవాళ్లు కొండ మీద, పోడు చేలో ఉన్నారు. పిల్ల హాస్టల్లో ఉంది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, వార్డెన్ సంతకం పెట్టాడు. ఆయన్ని ఒక్కడినే నిందించి లాభం లేదు. కాస్మెటిక్ చార్జీల నుంచి ఆసుపత్రి దాకా అన్నిటికీ ఆయనే సంతకం పెడతాడు కదా, దీనికీ అంతే అనుకుని ఉంటాడు. కానీ అన్నం పెట్టే అధికారం వేరు, ఒంటికి సూది గుచ్చనిచ్చే అధికారం వేరు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా చెడ్డదని మేము అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేస్తోంది. ఆ ప్రాజెక్టు కాలంలో జరిగిన ఏడు మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. చెల్లెళ్లెవరూ ఇది చదివి టీకాకు భయపడవద్దు. మంచి మందునైనా చెప్పకుండా, అడగకుండా ఇస్తే తప్పే అవుతుంది. పైగా ఆ తప్పు వల్ల మంచి మందు మీదే జనానికి అనుమానం పుట్టింది.

ఈ సంఘటనలో ఇంకో పాఠం ఉంది. నిర్వాహకులు దీన్ని మందుల ప్రయోగం అనలేదు, డిమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు అన్నారు. పేరు మారితే నియమాలు మారతాయా? మనం కూడా రేపు "ఇది పరిశోధన కాదండి, ఊరికే చిన్న సర్వే" అంటాం. పేరు ఏదైనా, పిల్లవాడి ఒంటి సంగతి కాగితం మీదకు ఎక్కుతున్నప్పుడు అతనికి హక్కులున్నాయి. అన్నట్టు, భద్రాచలం వెళ్లి నిజం వెలికితీసిన ఆడవాళ్లు చేసింది కూడా ఒక రకమైన పౌర పరిశోధనే. అలాంటి నిజనిర్ధారణకు ముందుగా నెలల తరబడి కమిటీ అనుమతి కోసం ఆగాలంటే నిజం బయటపడేదేనా? ఇది తేలికగా తేలే ప్రశ్న కాదు. మా దగ్గరా దీనికి పూర్తి జవాబు లేదు. పేర్లు బయటపెట్టకుండా, పిల్లలకు కొత్త కష్టం తేకుండా మాట్లాడాలన్న నియమం మాత్రం వాళ్లకూ వర్తిస్తుంది.

మన మనిషే అడిగితే

"అవి పెద్ద సంస్థల తప్పులు, మనలాంటివాళ్లు అలా చేయరు" అనుకునేవారికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. అలబామా రాష్ట్రంలోని టస్కెగీ ప్రాంతంలో 1932 నుంచి 1972 వరకు, నలభై ఏళ్ల పాటు, సుమారు 600 మంది పేద నల్లజాతి మగవాళ్ల మీద సిఫిలిస్ పరిశోధన జరిగింది. వారిలో 399 మందికి ఆ జబ్బు ఉంది. వాళ్లకు జబ్బు పేరు చెప్పలేదు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చి జబ్బు నయం చేయగలిగినా వాళ్లకు అందనివ్వలేదు. జబ్బు ముదిరితే ఏమవుతుందో చూడడమే పరిశోధన! అన్నేళ్లు ఆ మనుషులు ఎందుకు వస్తూ పోయారు? వాళ్లను ఇంటికి వెళ్లి పలకరించి, కారులో ఎక్కించుకుని తీసుకొచ్చింది యూనిస్ రివర్స్ అనే నర్సు. ఆమెదీ నల్లజాతే. ఆమె మీద వాళ్లకు ప్రాణం. పత్రికలో వచ్చిన తర్వాతే ఆ పరిశోధన ఆగింది. 1974లో అమెరికా పరిశోధనల మీద చట్టం చేసింది.

రివర్స్ ఆ మనుషులను ప్రేమగానే చూసుకుందని చాలామంది రాశారు. అదే బాధ కలిగించే విషయం. నమ్మకం అనేది అడిగేవాడి చేతిలో పెద్ద బలం. పరాయివాడికి "వద్దు" అని చెప్పడం తేలిక. మన మాలపల్లె నుంచి, మన పేట నుంచి వచ్చిన చదువుకున్న అమ్మాయి అడిగితే ఎవరు కాదంటారు? ఆరో తరగతి పిల్లవాడు డిగ్రీ చదివే అన్నయ్యకు వద్దని చెప్పగలడా? ఇంటిలో మొదట పట్టా పుచ్చుకున్నవాళ్లం మేము. ఊరికి వెళితే ఏ కాగితం చూపించినా "నువ్వు చెబితే సరేలే" అని మా అమ్మ వేలిముద్ర వేస్తుంది. ఆ మాట వినడానికి ఎంత సంతోషంగా ఉంటుందో, దాంతో ఎంత చెడు చేయవచ్చో తలుచుకుంటే అంత భయంగానూ ఉంటుంది.

ఇంకో వైపు కూడా చూడాలి. సామాన్యులు పూనుకోకపోతే బయటపడని నిజాలు ఉన్నాయి. అమెరికాలోనే వోబర్న్ అనే ఊళ్లో 1970ల్లో చిన్నపిల్లలకు వరసగా రక్త క్యాన్సర్ వస్తోందని మొదట గమనించింది తల్లులు. తర్వాత అక్కడి బావుల నీళ్లలో రసాయనాలున్నాయని తేలి 1979లో రెండు బావులు మూసేశారు. హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి వందల మంది వాలంటీర్లు ఫోన్ల మీద ఊరంతటి ఆరోగ్య వివరాలు సేకరించారు. 1986లో అచ్చయ్యాక విమర్శ వచ్చింది. అడిగినవాళ్లకు ముందే ఒక అభిప్రాయం ఉంది కదా, తమకు కావలసిన జవాబే రాబట్టి ఉండరా అని. ఆ విమర్శను మనం కొట్టిపారేయకూడదు. అధికారుల ముందు పెట్టడానికి మనకూ పెద్ద అంకెలే కావాలనిపిస్తుంది. "గజ్జి ఉందా?" అని అడగడం వేరు, "గజ్జి ఉంది కదరా?" అని అడగడం వేరు.

మన దగ్గర పత్తి రైతుల కథ దీనికి దగ్గరగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో నడిచిన రైతు పొలంబడుల్లో పాల్గొన్న 50 మంది మహిళలు, మన ఉమ్మడి రాష్ట్రంలో మూడు గ్రామాలవాళ్లు, ఒక పంటకాలమంతా పురుగుమందు కొట్టిన ప్రతిసారీ తమకు, తమ ఇంటి మగవాళ్లకు ఏమైందో రాసి చెప్పారు. 2005లో అది అచ్చయింది. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు కొద్దో గొప్పో విషప్రభావ లక్షణాలు కనిపించాయి. మందు కలిపే ఆడవాళ్లకు కూడా కొట్టే మగవాళ్లంత ప్రమాదం ఉందని తేలింది. కూలినాలి చేసుకునే చిన్న రైతులకే తీవ్రమైన విషప్రభావం ఎక్కువ. పరిస్థితి విషమించినప్పుడు కూడా ఒక్కరూ ఆసుపత్రికి వెళ్లలేదు. మన కోనసీమలో, ఏలూరు కాలువ కింద వరిచేలో మందు కొట్టే మన నాన్నలు, బాబాయిలు కళ్ల ముందు కదలలేదా? ఆ అక్కచెల్లెళ్లు రాయకపోతే డాక్టర్ల రికార్డుల్లో ఈ లెక్క ఎప్పటికీ రాదు, ఎందుకంటే డాక్టరు దగ్గరకు ఎవరూ వెళ్లలేదు. కానీ పెనిమిటి కళ్లు తిరిగి పడిపోతుంటే కాగితం నింపడం ముందా, ఆటో పిలవడం ముందా? ఎప్పుడు పుస్తకం పక్కన పెట్టాలో రాసేవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

నియమాలు ఏమంటున్నాయి?

మన దేశంలో ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు వీటన్నిటికీ ఆధారం. అంతకు ముందు 2000లో, 2006లో కూడా ఇచ్చారు. వాటి ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద పరిశోధనకు తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. దాంతో సరిపోదు. ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా విడిగా అడగాలి. పన్నెండేళ్ల లోపు వాళ్లు నోటితో సరేనంటే చాలు, ఆపైన వాళ్లకు తేలిక భాషలో కాగితం ఇచ్చి రాయించుకోవాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని చదువుకున్న సాక్షి ఒకరు పక్కన ఉండి అంతా చదివి వినిపించారని సంతకం పెట్టాలి. ఊరి పెద్ద, హెడ్మాస్టరు, వార్డెన్ వంటివారు ఇచ్చే అనుమతి లోపలికి అడుగుపెట్టడానికి మాత్రమే. అది మనిషి అంగీకారానికి బదులు కాదు. విద్యార్థులను కూడా ప్రత్యేక రక్షణ అవసరమైనవారి జాబితాలో చేర్చారు. పైవాళ్లకు భయపడి ఒప్పుకుంటారని వాళ్లకూ తెలుసు.

ఎథిక్స్ కమిటీలో ఏడుగురి నుంచి పదిహేను మంది దాకా ఉండాలి. అధ్యక్షుడు ఆ సంస్థకు బయటివాడై ఉండాలి. డాక్టర్లతో పాటు న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య పౌరుడు కూడా ఉండాలి. ఈ చివరి కుర్చీ సంగతి మన పూర్వ విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు? రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మనలో చాలామంది ఉన్నారు. హాస్టల్లో పెరిగిన మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే "వార్డెన్ సంతకం చాలదండి" అని అక్కడే చెప్పగలడు.

కమిటీలు ఎక్కడున్నాయి? కాకినాడ రంగరాయ వైద్య కళాశాల, ఏలూరు ఆశ్రమ్, రాజానగరం జీఎస్‌ఎల్ వంటి వైద్య కళాశాలల్లో ఉంటాయి. సొంత కమిటీ లేని సంస్థ మరో సంస్థ కమిటీతో ఒప్పందం చేసుకుని దాని ద్వారా పరిశీలన చేయించుకోవచ్చని మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ ఒప్పందం చేసుకోవాలంటే ముందు ఒక సంస్థ ఉండాలి. మహిళా సంఘం, కూలీల సంఘం, పూర్వ విద్యార్థుల సంఘం దరఖాస్తు పెట్టుకుంటే ఆ ఫారాల్లో "ప్రధాన పరిశోధకుడి వైద్య అర్హత" వంటి గళ్లు ఎదురవుతాయి. అక్కడే చాలామంది వెనక్కి తిరుగుతారు. కమిటీ చూడవలసినది పత్రంలోని ఇంగ్లీషు కాదని, అడగబోయే మనిషికి ఏం జరుగుతుందన్నదని మా మనవి. మెడికల్ కాలేజీల సామాజిక వైద్య విభాగాలు వారంలో ఒక పూట ఇలాంటి సంఘాలవాళ్లు వచ్చి మాట్లాడడానికి కేటాయిస్తే ఎంతో మేలు. అనుమతి ఇచ్చే గుమ్మం ఒక్కటే ఉంటే చాలదు, సలహా అడిగే గుమ్మం కూడా ఉండాలి.

మన సర్వే సంగతి

ఇక మన హాస్టల్. పూర్వ విద్యార్థులు అనుకున్నది గజ్జి, రక్తహీనత, కడుపునొప్పి, మరుగుదొడ్లు, తాగునీరు గురించి పిల్లలందరినీ అడిగి లెక్క తీద్దామని. మేము, ఇంకొందరు పీజీ విద్యార్థులు కూర్చుని ముసాయిదా రాశాం. రాస్తుంటే ఒక్కొక్కటే బయటపడ్డాయి.

రక్తహీనత తీసేశాం. దానికి రక్తం కావాలి, అది మన పని కాదు. ప్రభుత్వ బాల స్వాస్థ్య బృందాలు బడులకు వచ్చి చూడాలి, వాళ్లను పిలిపించమని అడగడం మన పని. పేర్లు రాయకూడదని నిర్ణయించాం. పేరు రాయకపోయినా "ఎనిమిదో తరగతి, నాలుగో గది, పక్క తడిపే అలవాటు" అని రాస్తే అది ఎవరో గదిలో అందరికీ తెలిసిపోతుంది కాబట్టి గది నంబరూ తీసేశాం. చెల్లెళ్ల నెలసరి ప్రశ్నలు అబ్బాయిలు అడగకూడదు, వాళ్ల కాగితాలు అబ్బాయిలు చూడకూడదు. పెద్ద తరగతివాళ్లు తమ హాస్టల్లోని చిన్నవాళ్లను అడగకూడదు. వేరే హాస్టల్ పూర్వ విద్యార్థులు వచ్చి అడగాలి, మనం వాళ్ల దగ్గరకు వెళ్లాలి. నింపిన కాగితాలు వార్డెన్ గారి బీరువాలో ఉండకూడదు, మా దగ్గరా ఉండకూడదు. ఎక్కడ ఉండాలన్నది ఇంకా తేలలేదు.

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది హాస్టల్ పేరు మీద. అంకెలు బయటికి వస్తే "గజ్జి హాస్టల్" అని బడిలో మన పిల్లలను వేరే పిల్లలు పిలవరా? ఇప్పటికే "వెల్ఫేర్ హాస్టలోళ్లు" అనిపించుకుంటున్నాం. పేరు దాచితే అధికారులు ఏ హాస్టల్‌కు మందులు పంపాలి? చివరికి రెండు కాగితాలు చేద్దామనుకున్నాం. అధికారులకు పేరుతో ఒకటి, పత్రికలకు పేరు లేకుండా, నాలుగైదు హాస్టళ్లు కలిపి ఒకటి. గజ్జి ఉన్నట్టు తేలిన పిల్లలకు మందు, అదే గదిలో మిగతావాళ్లకూ మందు, దుప్పట్లు ఉడికించడానికి కమాటీకి సాయం, ఇవి సర్వే మొదలు కాకముందే సిద్ధంగా ఉండాలని చందా పుస్తకం తెరిచాం.

తల్లిదండ్రుల అంగీకారం కోసం సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లే పిల్లలతో కాగితం పంపి ఊరుకోలేం. ప్రతి ఊరికి ఒక పూర్వ విద్యార్థి వెళ్లి చదివి వినిపించాలి, పక్కన సాక్షి ఉండాలి. మండపేట, కొత్తపేట, రావులపాలెం వైపు మనుషులు దొరికారు. పోలవరం వైపు ఊళ్లకు ఇంకా ఇద్దరు కావాలి. ఒక వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగం వారికి ముసాయిదా పంపాం, కమిటీ ముందు పెట్టే వీలు చూస్తామన్నారు. అనుమతి రాకుండా ఒక్క ప్రశ్న కూడా అడగం.

పిల్లలకు చదివి వినిపించే కాగితాన్ని ఆరో తరగతివాళ్ల ముందు ఒకసారి చదివి చూశాం, అర్థమవుతుందో లేదో అని. "మీకు ఇష్టం లేకపోతే వద్దనవచ్చు, దాని వల్ల మీకు ఏ నష్టమూ ఉండదు" అన్న దగ్గర ఒక బుడతడు చెయ్యెత్తి, "అన్నా, వద్దంటే ఆదివారం చికెన్ పెడతారా?" అని అడిగాడు. అందరూ నవ్వారు, వాడు నవ్వలేదు. ఆ వాక్యం తీసేసి, "వద్దన్నా అన్నం, గుడ్డు, చికెన్, కాస్మెటిక్ డబ్బులు, పరీక్ష ఫీజు అన్నీ మామూలుగానే ఇస్తారు. వద్దన్నవాళ్ల పేర్లు వార్డెన్ గారికి చెప్పం" అని రాశాం. ముసాయిదా ప్రతి ఒకటి స్టడీ రూములో నోటీసు బోర్డు పక్కన మేకుకు తగిలించి ఉంది. పెన్సిలు కూడా కట్టి ఉంచాం. అర్థం కాని మాట కింద గీత గీయండి.